బీబీసీ మైక్రో కీబోర్డ్: నాలుగు కీలు మొండికేశాయి, స్విచ్‌లు అన్నీ మార్చేయాలా?

వేణు_మోడల్‌బి · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా మేనమామ వాడిన పాత హోమ్ కంప్యూటర్, బీబీసీ మైక్రో మోడల్ బి, ఆరు నెలల క్రితం నా దగ్గరికి వచ్చింది. 32కె మెమరీ, 6502 ప్రాసెసర్, పైన వరసలో ఎర్రటి ఫంక్షన్ కీలు, అన్నీ ఉన్నాయి, పెట్టె కూడా పెద్దగా పసుపు తిరగలేదు. ఆన్ చేస్తే బీప్ అని లేస్తుంది, బేసిక్ ప్రాంప్ట్ వస్తుంది. బాధల్లా కీబోర్డుతోనే. 'ఎ' కీ అసలు పడదు, పది సార్లు గట్టిగా నొక్కితే ఒకసారి పడుతుంది. 'ఎస్' కూడా దాదాపు అంతే. 'ఇ' నొక్కితే ఒక్కోసారి రెండు పడతాయి. రిటర్న్ మాత్రం ఒక మూల నొక్కితేనే పనిచేస్తుంది. చిన్నప్పుడు మామయ్య పక్కన కూర్చుని ఈ కీబోర్డు మీదే టైపింగ్ నేర్చుకున్నాను, అందుకే దీన్ని అలా వదిలేయడానికి మనసు ఒప్పడం లేదు.

సోల్డరింగ్ వచ్చు కానీ నాలుగైదు చిన్న కిట్లు చేసిన అనుభవమే. మొత్తం 74 స్విచ్‌లూ తీసేసి కొత్తవి వేయాలా, పాడైన నాలుగే మార్చాలా? అసలు కొత్తవి ఎలాంటివి కొనాలి?

టంకంపని · శనివారం రాత్రి 10:15

వేణు గారూ, ముందు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టండి. కీ పడకపోతే స్విచ్ పోయిందని అందరం అనుకుంటాం, సగం సార్లు అది తప్పు. కేబుల్ అయి ఉండవచ్చు, పగిలిన సోల్డర్ జాయింట్ అయి ఉండవచ్చు, లోపల మురికి అయి ఉండవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పవర్ సప్లై లోపల మెయిన్స్ ఫిల్టర్ కెపాసిటర్లు చూశారా? పసుపు రంగు పారదర్శక ప్లాస్టిక్ ఒంటితో ఉంటాయి, వయసు మీద పడి ఆ ఒంటికి సన్నటి పగుళ్లు వస్తాయి, లోపలికి తేమ చేరుతుంది, ఒకరోజు ఆన్ చేసిన పది నిమిషాలకు ఢాం అని పేలి గదంతా పొగ. పగుళ్లు కనిపిస్తే మార్చే వరకు మెషీన్ ఆన్ చేయకండి. కీబోర్డు వారం ఆగినా ఏమీ కాదు. ప్లగ్ తీసిన వెంటనే కూడా పవర్ సప్లై లోపల చేయి పెట్టకండి, పెద్ద కెపాసిటర్లలో చార్జ్ కాసేపు నిలిచి ఉంటుంది.

తర్వాత పని: పెట్టె విప్పి, కీబోర్డు నుంచి మెయిన్ బోర్డుకు వెళ్లే రిబ్బన్ కేబుల్ రెండు చివరలా ఒకసారి పీకి మళ్లీ గుచ్చండి. అంతే, ఇంకేమీ ముట్టుకోకండి, ఏమైందో చెప్పండి.

పాతబోర్డు · శనివారం రాత్రి 11:02

టంకంపని అన్న చెప్పింది నిజం. కాస్త లోపలి సంగతి చెబుతాను, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

బీబీసీ కీబోర్డు ఒక గళ్ల పట్టిక లాంటిది, 10 నిలువు వరసలు, 8 అడ్డ వరసలు. ప్రతి కీ ఒక నిలువు తీగనూ ఒక అడ్డ తీగనూ కలుపుతుంది, అంతే దాని పని. కీబోర్డు బోర్డు మీదే ఒక కౌంటర్ చిప్ వరసగా నిలువు వరసల్ని తడుముతూ పోతుంది. ఏదైనా కీ నొక్కితే సిస్టమ్ వయా అనే చిప్ ద్వారా ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) వెళ్తుంది, అప్పుడు ప్రాసెసర్ వచ్చి ఏ కీనో వెతుక్కుంటుంది. కాబట్టి ఒకే వరసలోని కీలన్నీ ఒకేసారి చచ్చిపోతే స్విచ్‌ల తప్పు కాదు, ఆ వరస తీగదో చిప్‌దో కేబుల్‌దో తప్పు. చెదురుమదురుగా ఒక్కో కీ పోతే అది స్విచ్ లేదా దాని జాయింట్.

తేల్చుకోవడం తేలిక. కీబోర్డు తిరగేసి, మెషీన్ ఆన్‌లో ఉండగా, 'ఎ' స్విచ్ రెండు కాళ్లను చిన్న తీగ ముక్కతో ఒక్క క్షణం కలపండి. స్క్రీన్ మీద ఎ పడితే స్విచ్ చెడిపోయినట్టే, మిగతాదంతా బాగున్నట్టే. పడకపోతే స్విచ్ మార్చినా ప్రయోజనం లేదు. కీబోర్డులో ఉండేది 5 వోల్టులే, దానితో ప్రమాదం లేదు కానీ పక్కన పవర్ సప్లై డబ్బా మూత మాత్రం మూసే ఉండాలి.

శ్రీను_64 · ఆదివారం ఉదయం 7:20

నా కమోడోర్ 64 కంప్యూటర్ కూడా ఇలాగే ఉండేది. వెనక చిన్న చిన్న స్క్రూలన్నీ తీసి, షిఫ్ట్ లాక్ తీగలు రెండూ డీసోల్డర్ చేసి, లోపలి బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, కీల అడుగున ఉన్న నల్ల రబ్బరు బిళ్లల్ని కూడా మెత్తగా తుడిచాను. అన్నీ లేచాయి. ఒక్క స్విచ్ కూడా మార్చలేదు. మీరూ అదే చేయండి, సోల్డరింగ్ ఎందుకు?

పాతబోర్డు · ఆదివారం ఉదయం 8:05

శ్రీను, కమోడోర్‌కు అది సరైన పద్ధతే, కానీ బీబీసీకి కుదరదు. కమోడోర్‌లో విడి స్విచ్‌లు లేవు, కీ కిందికి దిగితే కరెంటు పారే రబ్బరు బిళ్ల బోర్డు మీది గీతల్ని తాకుతుంది. అందుకే విప్పి తుడిస్తే చాలు. షిఫ్ట్ లాక్ ఒక్కటే విడి స్విచ్, అందుకే దాని తీగలు విప్పాల్సి వచ్చింది. స్పెక్ట్రమ్ కంప్యూటర్‌లో అయితే మెంబ్రేన్ అనే పలచటి ప్లాస్టిక్ పొర, అది ఎండి విరిగితే పొర మొత్తం మార్చడమే. బీబీసీలో ఏ కీకి ఆ కీ మూసి ఉన్న డబ్బా, అందులో స్ప్రింగు, లోహపు రేకులు. బోర్డు విప్పినంత మాత్రాన ఆ రేకులు బయటికి రావు.

వేణు_మోడల్‌బి · ఆదివారం సాయంత్రం 6:30

అందరికీ ధన్యవాదాలు. కెపాసిటర్లకు పగుళ్లు ఉన్నాయి! రెండూ మార్చేశాను, టంకంపని గారూ మీరు చెప్పకపోతే చూసేవాణ్ని కాదు.

రిబ్బన్ కేబుల్ పీకి గుచ్చాను, తేడా లేదు. తర్వాత తీగ ముక్కతో ఎ స్విచ్ కాళ్లు కలిపాను, టక్కున ఎ పడింది. ఎస్, ఇ, రిటర్న్ కూడా అంతే. మెషీన్ ఆపేసి మల్టీమీటర్‌తో కొలిచాను. పక్కనున్న 'డి' కీ నొక్కితే ఒకటి రెండు ఓములు, కదలకుండా నిలబడుతుంది. 'ఎ' నొక్కితే ఒకసారి 4 కిలో ఓములు, ఇంకోసారి ఏమీ లేదు. 'ఎస్' 300 నుంచి మొదలై నొక్కి పట్టుకుంటే మెల్లగా 90కి దిగుతుంది. 'ఇ' 15 ఓములే, కానీ వేలు కాస్త కదిలితే అంకె ఎగిరిపడుతోంది.

పాతబోర్డు · ఆదివారం రాత్రి 7:10

బాగా కొలిచారు. మూడు కీలకు మూడు రకాల జబ్బులు. 'ఎస్' నొక్కి పట్టుకుంటే తగ్గుతోందంటే మురికి లేదా పలచటి తుప్పు పొర, అది తుడిస్తే పోవచ్చు. 'ఎ' బాగా ముదిరింది. 'ఇ' దగ్గర రేకు సరిగా ఆనడం లేదు, అందుకే వదిలి వదిలి తగులుతూ రెండు అక్షరాలు పడుతున్నాయి.

ఇ విషయంలో ఇంకో చిన్న పరీక్ష. స్టార్ ఎఫ్ఎక్స్ 11,0 (*FX 11,0) అని కొట్టండి, ఆటో రిపీట్, అంటే కీ నొక్కి పట్టుకుంటే అక్షరం వరసగా పడడం, ఆగిపోతుంది. అప్పుడు కూడా రెండు ఇ లు పడితే అది ఖచ్చితంగా స్విచ్ బౌన్సే. తిరిగి మామూలుగా కావాలంటే స్టార్ ఎఫ్ఎక్స్ 12,0. ఇంకొకటి, బేసిక్‌లో ఇన్‌కీ(-66) అని ఒక లూప్‌లో ప్రింట్ చేయించండి. 'ఎ' కీ కిందికి ఉన్నంతసేపూ -1, వదిలితే 0 వస్తుంది. కీ నొక్కి పట్టుకుని వేలిని అటూ ఇటూ కదపండి, మధ్యలో సున్నాలు దొర్లితే స్విచ్ ఎంత చెడిందో కళ్లారా కనిపిస్తుంది.

కమలాక్షి · ఆదివారం రాత్రి 8:45

వేణు గారూ, డీసోల్డర్ చేసే ముందు ఒక రోజు క్లీనింగ్‌కు కేటాయించండి. కీక్యాప్ తీసి, స్విచ్ కాడ చుట్టూ ఉన్న సందులో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేయండి, లేదా ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్. వేశాక కీని వంద సార్లు కిందికీ పైకీ ఆడించండి. మళ్లీ రెండు చుక్కలు, మళ్లీ వంద. రాత్రంతా ఆరనివ్వండి. పవర్ ఉండగా మాత్రం చేయకండి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రేలు అస్సలు వాడవద్దు, ఆ క్షణానికి బాగైనట్టే ఉంటుంది, తర్వాత లోపల జిగురు పొర మిగిలి దుమ్మంతా పట్టుకుంటుంది.

కీక్యాప్ తీయడంలోనే నేను నష్టపోయాను కాబట్టి చెబుతున్నాను. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక పక్క నుంచి ఎగదన్నాను, టిక్ మని చిన్న చప్పుడైంది, క్యాప్ చేతికి వచ్చింది, దానితోపాటు విరిగిన కాడ కూడా. ఆ స్విచ్ అంతవరకూ చక్కగా పనిచేస్తున్నదే. అప్పటి నుంచి సన్నటి తీగను రెండు కొక్కేల్లా వంచి, క్యాప్‌కు ఎదురెదురు మూలల కింద పెట్టి, నిటారుగా పైకి లాగుతాను. పొడుగు కీలైతే ఇంకా నిదానం, స్పేస్ బార్ కింద ఉక్కు తీగ ఉంటుంది, అది ఊడిపోకుండా చూసుకోవాలి.

వేణు_మోడల్‌బి · మంగళవారం రాత్రి 9:15

రెండు రోజులు మీరు చెప్పినట్టే చేశాను కమలాక్షి గారూ. రిటర్న్ పూర్తిగా బాగైంది, ఏ మూల నొక్కినా పడుతోంది. 'ఎస్' 2 ఓములకు వచ్చింది, నాకే నమ్మబుద్ధి కాలేదు. 'ఎ' మాత్రం 4 కిలో నుంచి 600 ఓములకు దిగి అక్కడే ఆగింది. 'ఇ' మారలేదు, స్టార్ ఎఫ్ఎక్స్ 11,0 పెట్టినా రెండేసి పడుతున్నాయి. అంటే ఇక ఈ రెండూ తీయాల్సిందేనా?

రేకులపెట్టె · మంగళవారం రాత్రి 9:50

ఇన్ని తంటాలు ఎందుకండీ, ఈ రోజుల్లో దొరికే చెర్రీ ఎంఎక్స్ రకం స్విచ్‌లు వేసేయండి. కొత్తవి, ఐదు కోట్ల నొక్కుళ్ల దాకా వస్తాయి, ఇంకో నలభై ఏళ్లు చూసుకోనక్కర్లేదు.

టంకంపని · మంగళవారం రాత్రి 10:30

అవి మంచి స్విచ్‌లే, కాదనను, కానీ ఈ బోర్డులో పట్టవు. కీకి కీకి మధ్య దూరం 19 మిల్లీమీటర్ల చిల్లర, అది రెండిటికీ ఒకటే, దాన్ని చూసి చాలామంది సరిపోతాయనుకుంటారు. కానీ కాళ్లు ఉండే చోటు వేరు, పైన కాడ ఆకారం వేరు. ఎంఎక్స్ కాడ ప్లస్ గుర్తు లాగా ఉంటుంది, బీబీసీ కీక్యాప్ దాని మీద కూర్చోదు. అంటే బోర్డు మార్చాలి, క్యాప్‌లు మార్చాలి, అప్పుడు మిగిలేది పెట్టె ఒక్కటే. కొత్త బోర్డు చేసుకుని అలా కట్టుకునేవాళ్లు ఉన్నారు, అది వేరే ముచ్చట. వేణు గారికి కావలసింది మామయ్య కీబోర్డు.

పైగా బీబీసీ కీబోర్డులన్నీ ఒకే స్విచ్‌తో రాలేదు. చాలా వాటిలో ఫుటాబా స్విచ్‌లు ఉంటాయి, వేరేవి ఉన్న బోర్డులూ ఉన్నాయి. కాబట్టి పాత స్విచ్ కొనాలన్నా ముందు మీది విప్పి, పక్కపక్కన పెట్టి కాళ్ల దూరం, కాడ ఆకారం చూసుకోవాలి.

నా సలహా కొనుగోలు కాదు, మార్పిడి. ఎర్ర కీల్లో ఎఫ్8, ఎఫ్9 మీరు ఎంత తరచుగా వాడతారు? ఆ రెండు స్విచ్‌లూ నలభై ఏళ్లలో ఎవరూ పెద్దగా నొక్కి ఉండరు, లోపల కొత్తవాటిలా ఉంటాయి. వాటిని తీసి 'ఎ', 'ఇ' స్థానాల్లో వేయండి. ఎ, ఇ ల నుంచి వచ్చినవి బల్ల మీద తీరిగ్గా బాగుచేసి ఎఫ్8, ఎఫ్9 లో పెట్టండి. బ్రేక్ కీ మాత్రం ముట్టుకోవద్దు, అది గళ్ల పట్టికలో ఉండదు, నేరుగా రీసెట్ తీగకు వెళ్తుంది. అక్కడ స్విచ్ అంటుకుపోతే మెషీన్ లేవనే లేవదు, మీరు మిగతా బోర్డంతా వెతుక్కుంటూ కూర్చుంటారు.

టంకంపని · మంగళవారం రాత్రి 11:20

తీసే పద్ధతి విడిగా రాస్తున్నాను, ఇక్కడే బోర్డులు పాడవుతాయి కాబట్టి కాస్త పొడుగ్గా ఉంటుంది.

పాత సోల్డర్ మొద్దుబారి ఉంటుంది, నేరుగా సోల్డర్ పీల్చే పంపుతో లాగితే సగం వస్తుంది, సగం రంధ్రంలో ఉండిపోతుంది. అందుకని ముందు ప్రతి కాలికీ కొత్త సోల్డర్ కాస్త కలపండి, సీసం ఉన్న 60/40 రకం అయితే మంచిది, 190 డిగ్రీల లోపే కరుగుతుంది, పాతదాన్ని కూడా తనతో కలుపుకుని కరిగిస్తుంది. ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేలా చేసే పదార్థం) ధారాళంగా పూయండి. ఐరన్ 350 డిగ్రీల దగ్గర చాలు. మొన అంచు మరీ సన్నగా ఉంటే వేడి అందదు, ఉలి మొన లాంటిది వాడండి. రెండు మూడు సెకన్లు పెట్టి, సోల్డర్ మెరుస్తూ పారగానే పంపు. మిగిలినదాన్ని రాగి అల్లిక పట్టీతో పీల్చండి. ఒకే కాలి మీద పది సెకన్లు పట్టుకుని కూర్చోవద్దు, పక్క కాలికి వెళ్లండి, ఇది చల్లారాక మళ్లీ రండి.

ఇప్పుడు అసలు మాట. స్విచ్ లాగే ముందు ఒక్కో కాలిని చిన్న ప్లయర్‌తో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. రంధ్రంలో ఆ కాలు అటూ ఇటూ స్వేచ్ఛగా ఆడాలి. ఆడకపోతే ఇంకా అంటుకుని ఉన్నట్టే, మళ్లీ కొత్త సోల్డర్ వేసి మళ్లీ తీయండి. రెండు కాళ్లూ ఆడుతున్నాకే లాగాలి. కొన్ని బోర్డుల్లో స్విచ్ పైన లోహపు పలకకు కొక్కేలతో పట్టుకుని ఉంటుంది, అది వదిలించకుండా లాగినా రాదు, బలం పెడితే బోర్డు మీది రాగి గీత స్విచ్‌తో పాటు ఊడి వస్తుంది. కిటికీ తెరిచి పనిచేయండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

రేకులపెట్టె · బుధవారం ఉదయం 7:40

350 చాలదు అన్నా, నేను 420 పెడతాను, టక్కున అయిపోతుంది.

పాతబోర్డు · బుధవారం ఉదయం 8:30

టక్కున అయ్యేది సోల్డర్ ఒక్కటే కాదు, రాగిని బోర్డుకు అంటించిన జిగురు కూడా టక్కున వదిలేస్తుంది. నలభై ఏళ్ల బోర్డు మీద 420 వద్దు. వేడి అందడం లేదంటే మొన మురికిగా ఉందని, లేదా మొన చిన్నదని అర్థం. మొన శుభ్రం చేసి, దాని మీద కాస్త సోల్డర్ తడి ఉంచితే 350 లోనే పని అవుతుంది.

రేకులపెట్టె · బుధవారం ఉదయం 9:05

సరే, ఆ మాట ఒప్పుకుంటాను. నా రెండు బోర్డుల మీద ప్యాడ్లు (కాళ్లు అంటుకునే రాగి బిళ్లలు) లేచాయి, కారణం ఇదే అయి ఉండాలి.

వేణు_మోడల్‌బి · శనివారం సాయంత్రం 5:50

ఈ రోజు పొద్దున కూర్చున్నాను. ముందు ఎఫ్9 తీశాను, తప్పు జరిగినా అక్కడ జరగనీ అని. మొదటి కాలికి ఆరుసార్లు సోల్డర్ వేసి తీయాల్సి వచ్చింది, చేతులు వణికాయి, బాగా టెన్షన్ పడ్డాను. కాలు రంధ్రం మధ్యలో నిలబడి చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపించింది, ప్లయర్‌తో తాకితే టిక్ టిక్ మని ఆడింది. అప్పుడు అర్థమైంది టంకంపని గారు దేని గురించి చెప్పారో. ఎఫ్8 పది నిమిషాల్లో వచ్చేసింది. 'ఎ' కూడా సాఫీగా వచ్చింది.

'ఇ' దగ్గర తొందరపడ్డాను. ఒక కాలు ఆడుతోంది, రెండోది కాస్త బిగుతుగానే ఉంది, పోనీలే అని లాగాను. స్విచ్‌తో పాటు వేలి గోరులో పావు వంతు ఉండే రాగి ప్యాడ్ కూడా లేచి వచ్చింది. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత మల్టీమీటర్‌తో ఆ గీత ఏ పక్క స్విచ్‌కు వెళ్తోందో పట్టుకుని, సన్నటి ఇన్సులేటెడ్ తీగతో కొత్త స్విచ్ కాలి నుంచి అక్కడికి నేరుగా కలిపాను. కొలిస్తే రెండూ ఒకటిన్నర ఓములు.

అన్నీ బిగించి ఆన్ చేశాను. ఎ పడుతోంది, ఇ ఒక్కటే పడుతోంది. కానీ ఇంకో వింత. ఆన్ చేయగానే వచ్చే 'బీబీసీ కంప్యూటర్ 32కె' అక్షరాలు ఇదివరకటిలా గుండ్రంగా లేవు, మొరటుగా గళ్లుగళ్లుగా ఉన్నాయి. మోడ్ 7 అని కొడితే మామూలుగా వస్తాయి, కంట్రోల్, బ్రేక్ కలిపి నొక్కితే మళ్లీ గళ్లే. ఏం పాడుచేశాను?

పాతబోర్డు · శనివారం సాయంత్రం 6:25

ఏమీ పాడుచేయలేదు, కంగారు పడకండి. మీది మోడ్ 6లో లేస్తోంది. కీబోర్డు బోర్డు మీద కుడి వైపు ముందు అంచున ఎనిమిది లింకులు (కావాలంటే తీగతో కలిపే కాళ్ల జతలు) ఉంటాయి చూడండి. అవి కూడా కీబోర్డు గళ్ల పట్టికలోనే, షిఫ్ట్, కంట్రోల్ ఉన్న అడ్డ వరసలో ఉంటాయి. మెషీన్ లేవగానే వాటిని కీల్లాగే చదివి, ఏ స్క్రీన్ మోడ్‌లో లేవాలో నిర్ణయించుకుంటుంది. అన్నీ తెరిచి ఉంటే మోడ్ 7. మోడ్‌ను చెప్పే మూడు లింకుల్లో ఒకటి ఎక్కడో కలిసిపోయింది. ఆ చుట్టుపక్కల సోల్డర్ చుక్క ఏదైనా పడిందేమో భూతద్దం పెట్టి వెతకండి.

వేణు_మోడల్‌బి · శనివారం రాత్రి 7:10

దొరికింది! ఆవగింజలో సగం ఉంటుంది, రెండు లింకు కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. పంపు ఖాళీ చేసేటప్పుడు రాలి ఉంటుంది. టూత్‌పిక్‌తో తోస్తే పడిపోయింది. మోడ్ 7 వచ్చేసింది.

కమలాక్షి · శనివారం రాత్రి 8:00

చాలా సంతోషం వేణు గారూ! పని అయ్యాక బోర్డు వెనక భాగం మొత్తం ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడిచేయండి, ఫ్లక్స్ మరకలతో పాటు ఇలాంటి చుక్కలు కూడా పోతాయి. ఆ లేచిన ప్యాడ్ దగ్గర వేసిన తీగను కదలకుండా చిన్న టేపు ముక్కతో అంటించండి. పాత స్విచ్ విప్పారా? లోపల ఎలా ఉంది?

వేణు_మోడల్‌బి · ఆదివారం మధ్యాహ్నం 3:30

విప్పాను. తెల్ల గుడ్డ పరచి దాని మీద విప్పాను, లేకపోతే స్ప్రింగు ఎగిరిపోయి దొరికేది కాదు. 'ఎ' స్విచ్ రేకుల మీద సరిగ్గా తగిలే చోట నల్లటి మచ్చ ఉంది, అగ్గిపుల్ల మొనంత. మందపాటి కాగితాన్ని ఆల్కహాల్‌లో తడిపి రేకుల మధ్య పెట్టి నాలుగైదు సార్లు లాగితే కాగితం మీద బూడిద రంగు గీత పడింది, రేకు మళ్లీ మెరిసింది. ఉప్పుకాగితం వాడలేదు, పైన పూత ఉంటే గీసుకుపోతుందని భయం. 'ఇ' స్విచ్‌లో మచ్చ లేదు, కానీ ఒక రేకు రెండోదానికి కాస్త దూరంగా వంగిపోయి ఉంది. ట్వీజర్‌తో వెంట్రుకవాసి లోపలికి వంచాను. ఇప్పుడు రెండూ 2 ఓముల లోపే చూపిస్తున్నాయి.

టంకంపని · ఆదివారం సాయంత్రం 4:15

ఉప్పుకాగితం వాడకపోవడం చాలా మంచి పని. కాగితంతో రుద్దడమే సరైన పద్ధతి. ఆ రెండూ ఎఫ్8, ఎఫ్9 లో వేసేయండి. ఈసారి సోల్డర్ పోసే ముందు స్విచ్ పూర్తిగా కిందికి ఆనిందో లేదో చూసుకుని, ముందు ఒక్క కాలే అంటించండి. పైనుంచి చూసి వంకర లేకపోతేనే రెండోది.

శ్రీను_64 · ఆదివారం రాత్రి 8:20

ఇదంతా చదివాక నా 64లో షిఫ్ట్ లాక్ కూడా కొలిచాను, 800 ఓములు! విడి స్విచ్ అని అప్పుడు పట్టించుకోలేదు. రేపే కాంటాక్ట్ క్లీనర్ వేస్తాను.

వేణు_మోడల్‌బి · సోమవారం రాత్రి 10:05

ఎఫ్8, ఎఫ్9 బిగించేశాను. 74 కీలూ ఒక్కొక్కటీ నొక్కి కాగితం మీద టిక్కులు పెట్టుకున్నాను, ఒక్కటీ తప్పలేదు. ఆటో రిపీట్ ఆపి 'ఇ' కీ వరసగా ఐదు వందల సార్లు కొట్టాను, స్క్రీన్ మీద లెక్కపెడితే ఐదు వందలే ఉన్నాయి. మామయ్యకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, పది సార్లు తిరిగే లూప్ రాయి చూద్దాం అన్నారు. రాసి రిటర్న్ మూలలో కాకుండా మధ్యలో నొక్కాను. ఆయనకు ఆ మూల సంగతి గుర్తుంది, "మధ్యలో నొక్కినా పడుతోందే!" అన్నారు.

ఎఫ్8 కీక్యాప్ కాస్త వదులుగా ఉంది, తీసేటప్పుడు సాగి ఉంటుంది. దాని గురించి రేపు విడిగా అడుగుతాను.